నా బదులు నువ్వు చెప్పిన జవాబు

తమ్ముడూ,

మొన్న పెన్షన్ ఆఫీసులో ఆవిడ, పెన్షన్ ఎప్పటినుంచి కావాలని అడిగింది నన్ను. "మా అక్క గట్టిగానే ఉందండీ, ఇంకో ఐదేళ్లు ఆగితే పెన్షన్ పెరుగుతుందిగా" అని జవాబు చెప్పింది నువ్వు. పక్కనే కూర్చున్న నాకు నోరు లేదా? ఆసుపత్రి దుప్పట్లు ఉతికేచోట రోజంతా ఆ ఆవిరిలో నిలబడేది నువ్వా?

ఇవాళ ఒక్కదాన్నే వెళ్లి, ఇప్పటినుంచే ఇమ్మని సంతకం పెట్టొచ్చాను.

"బాగా తగ్గుతుందమ్మా, ఆలోచించుకున్నారా?" అందావిడ.

"తగ్గనివ్వండి" అన్నాను.

నిన్న మీ బావ మా పెద్దాణ్ణి చూసి "ఎవరండీ మీరు?" అన్నాడు. నన్ను మాత్రం ఇంకా పేరుపెట్టే పిలుస్తున్నాడు. అలా పిలిచినన్నాళ్లయినా పలకడానికి నేను ఇంట్లో ఉండాలి. బుద్ధులు చెప్పడానికైతే నా గడప తొక్కకు. ఆయన్ని చూడ్డానికైతే తొందరగా రా.

అక్క