బెదురుకు నేను రాసిన మాట

అరకు,
18 నవంబరు, 2008

చెల్లెలు కనకకు మీ అన్న మల్లేశు దీవెనలు.

ఇక్కడ అమ్మా నేనూ ఒంటికి బాగానే ఉన్నాం. విశాఖపట్నం డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలకు నీకు నిద్ర పడుతోందో లేదో రాయించు. అత్తిల్లు విడిచి వచ్చిన నీకు అక్కడ నీడనిచ్చి, ఈ ఉత్తరం కూడా చదివి వినిపిస్తున్న హాస్టల్ వార్డెన్ జయలక్ష్మి గారికి నా నమస్కారాలు.

నువ్వడిగినవి ముందు చెబుతాను. కాఫీ పళ్లు సగం కోశాం. చలి ముందే వచ్చింది, అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలడం లేదు. నీ కూతురు సోని శుక్రవారం సంతలో కనబడింది. చిక్కలేదు, తల దువ్వి ఉంది. "మావా, అమ్మ బేగి వత్తాదా?" అని అడిగింది. ఇంతలో వాళ్ల నాయనమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ తర్వాత సంతకు ఏం కొనడానికి వచ్చానో నాకు గుర్తు రాలేదు.

ఇక కోర్టు సంగతి. నిన్న వాయిదా. మీ ఆయన సురేంద్ర తరఫు వకీలు ఒక కాగితం తీశాడు. కిందటేడాది నువ్వు పిల్లనెత్తుకుని పుట్టింటికి వచ్చినప్పుడు ఊరి పెద్దలకు ఇచ్చిన అర్జీ అది. అందులో "మతిభ్రమణం కలిగినది" అని ఉంది, కింద నీ వేలిముద్ర. "మతి లేని తల్లి చేతికి ఆడపిల్లను ఎలా ఇస్తారు?" అన్నాడు వకీలు. సోనిని నీకు ఇప్పించమని మనం వేసిన కేసు అక్కడితో పోయిందనుకున్నాను.

డాక్టరమ్మ మాత్రం తొణకలేదు. "ఆమె మతి చక్కగా ఉంది. దగ్గర్లో ఎవరు చెయ్యెత్తినా ముడుచుకుపోతుంది, తలుపు చప్పుడైతే చెమటలు పడతాయి. ఇది పిచ్చి కాదు, ఏళ్ల తరబడి తిన్న దెబ్బల వల్ల వచ్చింది. ఒంటి మీదవి మానాయి, ఇది ఇంకా మానలేదు" అంది. మేజిస్ట్రేటు గారు రాయడం ఆపి, "మరి ఈ మాట ఎవరిది? ఆమే చెప్పిందా?" అని అడిగారు.

నీకు మతి లేదన్న మాట ఎవరు పుట్టించారని కిందటి ఉత్తరంలో నువ్వడిగిందీ అదే. సురేంద్ర పుట్టించి ఉంటాడని నీ అనుమానం. జయలక్ష్మి గారూ, ఇక్కడి నుంచి ఒక్క మాట కూడా మార్చకుండా చదవండి.

ఆ మాట నాది, కనకా. ఆరోజు నువ్వు, "నాకు బెదురన్నా. ఆడి సెయ్యి లెగిస్తే సాలు, ఊపిరాడదు. అదే రాయి" అన్నావు. మన కొండల్లో బెదురు పట్టిందంటే మంత్రం వేసే గురుమాయి దారం కట్టే ముందు దేనికి బెదిరావని అడుగుతాడు. పెద్దలూ అదే అడుగుతారు. అడిగితే సురేంద్ర పేరు బయటికి వస్తుంది. వాడు నాతో చదువుకున్నవాడు, సంబంధం కుదిర్చింది నేను. బడిపంతులుని, నలుగురిలో తల దించుకోవాల్సి వస్తుందని, ఎవరూ ఏమీ అడగనక్కర్లేని మాట వెతికి రాశాను. నీకు చదివి వినిపించినప్పుడు మాత్రం బెదురు అనే చదివాను. నువ్వు నమ్మి వేలిముద్ర వేశావు. పదిరోజులకు నిన్ను నేనే మళ్లీ వాళ్లింట్లో దింపి వచ్చాను.

నిన్న బోనెక్కి ఇదంతా చెప్పాను. "దెబ్బల సంగతి అప్పటికే తెలుసా?" అన్నాడు వకీలు. తెలుసన్నాను. "తెలిసీ ఎందుకు పంపావు?" అన్నాడు. అమ్మ వెనక బల్ల మీద కూర్చుని అంతా వింది. ఇంటికొచ్చాక, "నీకు సదువెందుకు సెప్పించాన్రా?" అంది. అన్నం పెడుతోంది గానీ మాట్లాడడం లేదు.

ఆ ప్రశ్నకు కోర్టులో చెప్పలేని జవాబు నీకు చెబుతున్నాను. నీ ప్రాణం కన్నా నా పరువు నాకు ఎక్కువైంది. క్షమించమని అడిగే మొహం లేదు.

అన్న చెప్పింది ఒక్కటే చాలదన్నారు మేజిస్ట్రేటు గారు. వేలిముద్ర నీది కాబట్టి నువ్వే వచ్చి చెప్పాలట. నువ్వు ఏ మాట అంటే ఆ మాటే రాసుకుంటానన్నారు. వచ్చే సోమవారం వాయిదా. సురేంద్ర ఎదురుగానే ఉంటాడు, మీ ఇద్దరి మధ్య డాక్టరమ్మ నిలబడతానంది. నువ్వు రాకపోతే సోని అక్కడే ఉండిపోతుంది. వస్తే నువ్వు తట్టుకోగలవా అని నాకు ఒకటే దిగులుగా ఉంది.

ఆదివారం కిరండోల్ పాసింజరుకు జయలక్ష్మి గారితో బయల్దేరు. స్టేషనుకు అమ్మ వస్తుంది. నేను రావాలో వద్దో నువ్వే చెప్పు. వద్దంటే, వద్దనే రాయించు.

ఇట్లు,
నిన్ను ఆ ఇంట్లో దింపి వచ్చిన నీ అన్న,
మల్లేశు