జ్యోతిలక్ష్మి ఆగింది

చంద్రపూర్

అమ్మా, నేను మంచిగున్న. బడి మేడంతోని లొల్లి పెట్టుకున్నది నిజమే గని, కొలువు పోయిందన్నది మన షాలోమన్న పుట్టిచ్చిన మాట. ఫోన్ల చెప్తె నడుమల ఏడుస్తవని కార్డు రాస్తున్న.

లాల్‌పేట్ పోశమన్న బిడ్డ జ్యోతిలక్ష్మికి ఏదైనా జర ఆలస్యంగ తలకెక్కుతది. మా బడిల గసొంటి పిల్లలకు వీఆర్ డబ్బ కండ్లకు కట్టి, అండ్ల కనవడే రోడ్డు మీద దాటుడు నేర్పుతరు. ఎర్రలైటు పడంగనే డబ్బ మరాఠీల "ఉభీ రా" అంటది, నిలవడు అని. ఈ పిల్ల రోజూ లారీకే ఎదురువోతది. "దీనికి రాదు, ఇంటికి పంపుదాం" అన్నది మేడం.

నాకు ఒళ్లు మండింది. "వాళ్లింట్ల తెలుగే. రా అంటె రమ్మని గద! పిలిచేది మీ డబ్బనే" అన్న.

"డబ్బలు తుడిచేదానివి, నాకు పాఠం చెప్తవా?"

చెప్పిన! ఫోన్ల చూసి నేర్చుకున్న పనితోనే డబ్బల నా గొంతు ఎక్కిచ్చిన: "ఆగు బిడ్డా!" మొదటిసారికే ఆగింది. ఇంటికి పంపుడు మాట మేడం ఇడిచిపెట్టింది.

నిన్న పిల్లను అసలు రోడ్డు మీదికి తీస్కపోయిన. ఫోన్ చూసుకుంట నేనే ముందటికి అడుగేసిన. పిల్ల నా చున్నీ వట్టి గుంజింది, "ఆగు బిడ్డా!" అని. బొగ్గు లారీ మా ముందలకెల్లే పోయింది.

నాయిన దగ్గు తగ్గిందా? మామిడి తొక్కు పంపు, కారం తక్వ వెయ్యకు. అందరికి వందనాలు. కొలువున్నది, పిల్ల బడిలనే ఉన్నది, లారీ కింద వడకుంట నేనూ ఉన్న.

నీ బిడ్డ
గ్లోరియా