చాడీల చిట్టి

మార్చి 9, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. నేను బాగానే ఉన్నాను. నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అంత చదివి రోజంతా ఏం చేస్తావక్కా అని ఫోనులో అడిగావు కదా. మా ఫ్యూజన్ రియాక్టరులో సూర్యుడిలో ఉండేలాంటి నిప్పు పుట్టిస్తారు. ఒకసారి అది రగిలాక రేడియేషన్ వల్ల మనిషి లోపలికి పోకూడదు. గోడ పలకలు పాడైతే పొడవాటి యంత్రపు చెయ్యి వెళ్తుంది. ఇవతల గదిలో కూర్చుని, తెర చూస్తూ దాన్ని ఆడించేదాన్ని నేను. అది బోల్టు తిప్పితే ఆ బిగువు నా వేళ్ళకు తెలుస్తుంది. లోపల ఏం తగిలినా మోసుకొస్తుందని దానికి చాడీల చిట్టి అని పేరు పెట్టాం. బోల్టు జారిపడిందో, ఏరడానికి ఎవరూ వెళ్ళలేరు.

ఇన్నేళ్ళూ ఆ కుర్చీ నాది. మొన్న శుక్రవారం ఆఖరి పలక బిగించి లేచాను. ఇకనుంచి కొత్తవాళ్ళకు నేర్పే పని. మా సూపర్‌వైజరు అందరికీ టీ ఇప్పించి, పెద్ద పదవేనమ్మా అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇంటికొచ్చాక అన్నం కూడా సయించలేదు.

కొత్తవాళ్ళకు మొదటి పాఠం అక్షరాలు దిద్దడమే. రియాక్టరు లోపలిలాగే కట్టిన నమూనా గదిలో ఇంకో చిట్టి ఉంది, దాని వేళ్ళకు కలం ఇచ్చి రాయించాలి. కాగితం చిరక్కుండా రాస్తేనే పలక ముట్టనిస్తాం. నిన్న ఒకమ్మాయి కాగితాలన్నీ చింపేసి, నయం మేడం, గోడ కాదు అంది.

మొన్న ఆ టీ తాగుతుంటే పోయిన నాన్న గుర్తొచ్చాడు. చేతులు వణికి ఒలకబోసుకుంటాడని నువ్వు ఆయన గ్లాసు సగమే నింపేవాడివి. పిసినారి వెధవా అని తిట్టేవాడు, మళ్ళీ నీ చేతి టీయే కావాలనేవాడు.

మరదలిని అడిగానని చెప్పు.

నీ అక్క

తా.క. కోడి కెలికినట్టుండే నా రాత ఇంత గుండ్రంగా ఎలా మారిందా అనుకుంటున్నావేమో. ఈ ఉత్తరం నమూనా గదిలో చిట్టి చేత రాయించాను. కలం పట్టుకుంటే నా చెయ్యి నిలవడం లేదు. నాన్న జబ్బే అన్నాడు డాక్టరు. సన్నటి వణుకును యంత్రం వడకట్టేస్తుంది, అందుకే ఎవరూ కనిపెట్టలేదు. అన్ని చాడీలూ మోసేది నా గుట్టు మాత్రం కడుపులో దాచుకుంది. వణుకు ముదిరితే ఆపడం దాని వల్లా కాదు కనుక నేనే సూపర్‌వైజరుకు చెప్పి దిగిపోయాను. పెద్ద పదవి అన్నది ఆయన మంచితనం. వచ్చే నెల మీ ఇంటికి వస్తాను. నాకూ గ్లాసు సగమే నింపు.