ఐసు సగమైతే

2006 ఆగస్టు, మంగళవారం రాత్రి

ఆనందం పట్టలేకపోతున్నాను! దక్షిణ ధ్రువం మీద పనిచేసే శాస్త్రవేత్తలందరినీ ఒక తాటి మీద నడిపించే ప్రభుత్వ ఉద్యోగం మా అమ్మాయి రత్నానికి వచ్చింది. పొద్దున్నే చేపల జెట్టీ అంతా తిరిగి లడ్డూలు పంచాను.

"మంచు సూసే ఉజ్జోగమా బావా? మన ఐసు ఫ్యాక్టరీలోనే ఏయించీకపోయావా!" అన్నాడు బావమరిది అప్పన్న. నవ్వలేక చచ్చాను.

భోజనాల దగ్గర రత్నం మాత్రం నవ్వలేదు. ధ్రువం మంచు మీద ఏ ఆఫీసు లెక్క ఆ ఆఫీసు బీరువాలోనే ఉందట. ఇంటర్వ్యూ కోసం తను అన్నీ తెప్పించి పక్కపక్కన పెట్టి చూస్తే, అక్కడి మంచు శాస్త్రవేత్తలు అనుకున్న దానికన్నా వేగంగా కరిగిపోతోందట.

"నాన్నా, ఏటకెళ్లినప్పుడు బోటులో ఐసు సగమైపోతే ఏటి సేసేవోడివి?" అని అడిగింది.

"ఇంకా సేపలు పడ్డా పడకపోయినా ఒడ్డుకి తిప్పేసీవోణ్ణి అమ్మీ. ఆ మిగిలింది, పట్టిన సేపలు దారిలో కుళ్లకుండా ఉండడానికే సరిపోద్ది."

"మనం ఒడ్డు మీదే ఉన్నాం కదా నాన్నా. ఇప్పుడెటు తిప్పాలి?"

ఎంత గొప్ప ప్రశ్న అడిగింది నా తల్లి! నలభై ఏళ్లు చుక్కాని పట్టినవాణ్ణి, కూర ఇంకాస్త వేసుకోమన్నాను. అది నా మొహం వైపే చూస్తూ కూర్చుంది.