లచ్చమ్మ అని రాసిన గొట్టం

పెద్దమ్మా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల నీ ఫోటోకు పెద్దబాపు దండ ఏసిండు. నేను రాలే, ల్యాబ్‌లనే ఉన్న. తిట్టకు, నీ పనే చేసిన.

మన కణాలల్ల ప్రొటీన్ అంటే పొడుగు దారం అనుకో. సక్కగ మడతపడితేనే అది పనిచేస్తది. వేడి తగిలితే మడత ఊడి, పక్క దారాలకు అతుక్కొని ముద్దయితది. రెండు నెలల సంది నా గొట్టంల ముద్దలే. "ఈసారి గూడ గిట్లనే అయితే ప్రాజెక్టు మార్చుకో" అన్నది మా ల్యాబ్ మేడం.

ఇయ్యాల షాపెరోన్ అనే ఇంకో ప్రొటీన్ కలిపి వేడి చేసిన. మడత ఊడిన దారాన్ని అది పట్టుకుంటది, పక్కదానికి అంటనియ్యది, మడత పడెదాక తోడుండి వదిలేస్తది. పెద్దమ్మా, గొట్టం మంచినీళ్ల లెక్క తేటగున్నది!

మన కొత్తవాడ గల్లీల గంజి పెట్టిన పడుగు దారాలు చాపి, పోగులు అంటుకోకుండ వేళ్లతోని విడదీస్తుంటివి. జంపఖానా మగ్గం దిగినంక మాత్రం అందరు నేసిన పెద్దబాపునే మెచ్చుకుందురు. నాకిప్పటికీ కోపమే. "ఇందుల నీదేమున్నది?" అని నేనడిగితే, "నాది ఒక్క పోగు లేదు బిడ్డా" అని నవ్వినవ్.

షాపెరోన్ గొట్టం మీద గుర్తుకు ఏదన్న రాయాలె. "లచ్చమ్మ" అని నీ పేరే రాసిన.

"ఈమె ఎవరు?" అన్నది మేడం. నీ పడుగు సంగతి చెప్పిన. మేడం ఫ్రిజ్‌ల ఉన్న షాపెరోన్ గొట్టాలన్ని తీసి నా ముంగట పెట్టి, మార్కర్ చేతికిచ్చింది.

"వీటి మీద గూడ గదే రాయి."