డబ్బాలో ఎన్ని గ్లాసులు

తండా, చండ్రుగొండ
18 ఏప్రిల్ 2025

మోతీ అన్నకు శ్రీధర్ రాం రాం.

రాం రాం చెప్తున్న గని కోపం తగ్గలే. తొమ్మిదిల బడి మానేసినోనివి, నీకు దేశాల ధరలెందుకురా అని నిన్న పొద్దున మస్కట్ నుంచి ఫోన్ పెట్టేసినవ్. బడి మానేసిన గని లెక్క మానెయ్యలే. మన తండా రూప్‌సింగ్ నీ దగ్గరికే వస్తుండు, గందుకే కాగితం మీద రాస్తున్న. దీన్ని మధ్యల కట్ చెయ్యలేవు.

మనల కన్న యాడి మంచిగనే ఉంది. కోడి కూయంగనే ఇప్పపూలు ఏరనీకె అడవిలకు పోతుంది. నువ్వు పంపే పైసలు ఒకటో తారీకే వస్తున్నయ్, ఆటో కిస్తీ కడుతున్న.

ఇగ అసలు ముచ్చట. నేను సత్తుపల్లి నుంచి ఆటోల సరుకు తెచ్చి దుకాణాలకు ఏస్త కద. ఎండాకాలమొస్తే ఆరెంజ్ జ్యూస్ పొడి ప్యాకెట్లు దండలు దండలు పోతయ్. ఐదు రూపాయలు, ఇరవై గ్రాములు, ఒక గ్లాసు. నువ్వు ఫోటో పంపిన డబ్బా అదే కంపెనీది. రెండు కిలోలు, మన రూపాయలల్ల నాలుగొందలు అన్నవ్. అంటే నూరు గ్లాసులు. గ్లాసు నాలుగు రూపాయలే! సత్తుపల్లిల నూడిల్స్ బండి నేపాలీని అడిగితే వాళ్ళ ఊర్ల గ్లాసు ఎనిమిది పడుతదన్నడు. జీతాలు ఎక్కువున్న కాడ చౌక, లేని కాడ పిరం. ఏందీ కథ?

దుకాణం చెంచురామయ్యను అడిగిన. ఒరే, అక్కడోళ్ళు డబ్బా లెక్కన కొంటారు, మీరు చిటికెడు లెక్కన కొంటారు, ఆ చిటికెడుకో కాగితం చుట్టాలిగా, దాని ఖర్చు మీ తాత పెట్టుకుంటాడా అని నవ్విండు. ఆ మాట నా బుర్రల నుంచి పోతలేదు. పొడి అనుకొని మనం కాగితం కొంటున్నమా?

గదే నీకు చెప్పబోయిన. డబ్బా ఎన్ని రోజులొస్తదంటే పన్నెండు రోజులన్నవ్. రూంల అందరు తాగుతరా అంటే, ఎవని డబ్బా వానిదే అన్నవ్. అయితే రోజుకు ఎనిమిది గ్లాసులా అన్న. గంతే, ఇంతెత్తున లేచినవ్. నేనేమన్న తప్పడిగిన్నా? డబ్బాలు తెప్పించి ఈడ గ్లాసు లెక్కన అమ్ముదామని అడుగుతున్న అని చెప్పిన కద. సత్తుపల్లి బస్టాండ్ కాడ జాగ గూడ చూసిన, కిరాయి

రూప్‌సింగ్ బండి హారన్ కొడుతుండు. పోవాలె.

నీ తమ్ముడు
శ్రీధర్

తా.క. రూప్‌సింగ్‌ను ఎక్కించనీకె వచ్చిన, బస్సు ఇంక రాలే, కవరు మీద రాస్తున్న. జాగ లేదు, దుకాణం లేదు, గవన్ని ఉత్తమాటలే. నిన్న నువ్వు ఫోన్ పెట్టేసినంక, బువ్వ ముట్టకుంట పొద్దుమూకెదాక ఎనిమిది గ్లాసులు కలుపుకొని తాగి చూసిన. ఆకలి చచ్చిపోయిందన్న. పైసలు పంపుడు నువ్వు ఆపలే, కూడు ఆపినవ్. రూప్‌సింగ్ సంచిల జొన్నపిండి ఉంది, రొట్టెలు చేసుకో. వచ్చే నెల పైసలు పంపకు, కిస్తీ నేను చూసుకుంట. యాడికి ఏం చెప్పలే. ఆడ గ్లాసు మనకన్న రూపాయి చౌక అని ఒక్కటే చెప్పిన. అయితే నా కొడుకు కడుపునిండ తాగుతుండు పో అని సంబరపడ్డది.