గంపలో కోడి, మెడ మీది ఈకలు

గురువారం, జగ్గయ్యపేట

ఈ రోజు నందిగామ స్కూల్లో తొమ్మిదో తరగతికి కోపం మీద ఇంగ్లీషు జాతీయాలు చెప్పాను. హ్యాకిల్స్ అంటే కోడి మెడ మీది ఈకలు, అవి లేచాయంటే కోపం వచ్చిందని అర్థం అన్నాను. మనం కోపమొస్తే ఎద్దులా కాలు దువ్వుతాం, పాములా బుసకొడతాం. ఇంగ్లీషువాళ్ళకు కోడే ఎందుకు తోచిందో! బస్సులో ఇంటిదాకా అదే ఆలోచన.

రాగానే దొడ్లోకి వెళ్ళాను. గంపలో మా కోడి గుడ్లు పొదుగుతోంది. చెయ్యి చాపానో లేదో మెడ ఈకలన్నీ లేచి రెండింతలైంది. పొడిచింది కూడా. అయినా మెల్లగా పొట్ట కింద చెయ్యి పెట్టాను. దాని గుండె దడదడా కొట్టుకుంటోంది. ఇదా కోపం? హడలిపోయి ఉంది పిచ్చిది! పిల్లలకు సగమే చెప్పానన్నమాట.

నిన్న మా ఆయనా అంతే. ముక్త్యాల నుంచి సిమెంటు లోడుతో వస్తుంటే రాత్రిళ్ళు ఎదురు లైట్లకి రోడ్డు సరిగా కనపడట్లేదన్నారు. "ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపించుకోండి" అన్నాను. అంతే, ఇంతెత్తున లేచారు.

"నా కళ్ళకేమైంది? లారీ దిగి ఇంట్లో కూర్చోమంటావా?"

నేనూ మాటకు మాట అని అవతలికి వెళ్ళిపోయాను.

లారీ దిగమని నేను అననేలేదు. ఆ మాట ఆయన నోటి నుంచే ఎందుకొచ్చింది?

కోడి పొడిచినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆయన ఒక్క కసురు కసిరితే మొహం తిప్పుకున్నాను.